పచ్చిక పచ్చగానే ఉంది

1960 సెప్టెంబరు 19, బిట్రగుంట

పొద్దున లేవగానే కాళ్లు అలవాటు ప్రకారం లోకో షెడ్డు వైపే నడిచాయి. గేటు దాకా పోయాక గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. గేటు దగ్గర కూర్చున్న, ఇంజన్లు తుడిచే క్లీనర్లు నన్ను చూసి లేచి నిలబడ్డారు. నేనింకా డ్రైవరు హజరత్తయ్యనే అనుకున్నారు పాపం. అనుకోవడమేమిటి, ఇప్పటికీ డ్రైవరునే. మూడు నెలలు లైటు డ్యూటీ, అంతే. డిసెంబరులో మద్రాసు పెరంబూరు ఆసుపత్రిలో మళ్లీ కళ్ల పరీక్ష. అది కాగానే నా ఇంజను నాది.

నాకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియడం లేదని డాక్టరు రాశాడు. రంగురంగుల చుక్కల పుస్తకం ఒకటి నా ముందు పెట్టి, ఆ చుక్కల్లో ఏ అంకె కనిపిస్తోందో చెప్పమన్నాడు. చుక్కల్లో చుక్కలే ఉన్నాయి, అంకె ఎక్కడిది? చుట్టలు మరీ ఎక్కువగా కాలిస్తే ఇలా అవుతుందట. మానేస్తే కొంత తిరిగి రావచ్చట. మా తాత చుట్ట నోట్లో పెట్టుకునే పుట్టాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన గట్టు మీద పడుకున్న పామును అల్లంత దూరం నుంచి గుర్తుపట్టేవాడు.

ఈ మూడు నెలలకు నాకిచ్చిన పని మా రైల్వేవాళ్ల క్లబ్బు అయిన ఇన్‌స్టిట్యూట్ తోట చూసుకోవడం. ఇదివరకటి మాలి రిటైరై ఊరికి పోయాడు. ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ సంజీవరావు గారు నాకు కుర్చీ వేయాలో, నీళ్ల డబ్బా ఇవ్వాలో తెలియక కాసేపు అవస్థపడి, కడకు రెండూ చేశారు.

"ఏమీ అనుకోకండి డ్రైవరు గారూ. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఈ లాన్ మీదే కుర్చీలు వేసి బ్యాండు పెడతాం. విజయవాడ నుంచి పెద్దవాళ్లు వస్తారు. వానలు గట్టిగా పట్టేలోగా గడ్డికీ మొక్కలకూ ఎరువు పడాలి. ఇప్పుడు తిన్నదే వాటికి చలికాలమంతా బలం."

"ఇంజనుకు బొగ్గెయ్యడం తెలిసినోడికి గడ్డికి ఎరువెయ్యడం ఒక లెక్కా సార్" అన్నాను.

ఇవాళ్టితో చుట్ట మానేశాను.

సెప్టెంబరు 20

అన్నం తిన్నాక ఒక్కటి కాల్చాను. పెట్టెలో మిగిలిపోయినది, పారేయడం ఎందుకని. అది లెక్కలోకి రాదు.

సెప్టెంబరు 24

ఇరవై రెండేళ్ల కాపురంలో వరసగా ఇన్ని రోజులు ఇంట్లో భోజనం చేయడం ఇదే మొదలు. మధ్యాహ్నం వెళ్లి పీట వేసుకుంటే ఆదిశేషమ్మ కంగారుపడింది.

"మద్దేనం కూడా వస్తావా?" అంది.

"నా ఇంటికి నేను రాకూడదా?"

"రాకూడదని ఎవరన్నారు? నువ్వొస్తావని తెలీక పచ్చడే నూరినా. నాకొక్కదానికి పచ్చడి చాలు గదా."

అమ్మాయికి పెళ్లయి గూడూరు వెళ్లిపోయాక ఈమె రోజూ పచ్చడితోనే తింటోందన్నమాట. ఆ సంగతి నాకు తెలియదు. పచ్చడి మాత్రం బాగుంది.

సెప్టెంబరు 28

ఎరువు వేశాను. సంజీవరావు గారు నెల్లూరు నుంచి ఒక అమ్మోనియా బస్తా తెప్పించారు. చూడడానికి పంచదారలా ఉంది. ఒక వంతు ఎరువుకు నాలుగు వంతులు ఇసుక కలిపి, పలచగా చల్లి, వెంటనే బాగా నీళ్లు పెట్టాలని చెప్పారు. చదువుకున్నవాళ్ల భయాలు ఇలాగే ఉంటాయి. లాన్ చూస్తే ఎక్కడికక్కడ బోడిగా ఉంది. గట్టు ఎక్కే ఇంజనుకు చెంచాతో బొగ్గు వేస్తే కదులుతుందా? ఇసుక సగానికి సగం తగ్గించి, బోడిగా ఉన్న చోట రెండు సార్లు చల్లాను. పార పట్టినట్టే చెయ్యి ఊగింది. చాలా రోజుల తర్వాత ఒళ్లు అలిసింది, ఎంతో హాయిగా ఉంది.

బావి మోటారు పనిచేయలేదు. నీళ్లు రేపు పెట్టవచ్చు. మబ్బు కూడా పట్టింది.

సెప్టెంబరు 30

వాన పడలేదు. మోటారు ఇవాళ బాగయింది. నీళ్లు పెట్టాను. చుట్ట పూర్తిగా మానేశాను.

అక్టోబరు 2

పచ్చిక పచ్చగానే ఉంది.

అక్టోబరు 4

పచ్చిక ఇంకా పచ్చబడింది. పొద్దున సంజీవరావు గారు వరండాలో నిలబడి చాలాసేపు లాన్ వైపు చూసి లోపలికి వెళ్లిపోయారు. ముచ్చటపడి ఉంటారు.

అక్టోబరు 5

జీవానందం వచ్చాడు. నా దగ్గర ఎనిమిదేళ్లు బొగ్గేసే ఫైర్‌మన్‌గా చేసి, ఇప్పుడు నా ఇంజను మీదే డ్రైవరుగా ఎక్కాడు. అతని తప్పేమీ లేదు. మంచి పిల్లవాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏందన్నా ఇది, గడ్డి అంతా ఎవురు తగలబెట్టినారు?"

పరాచికమనుకుని నవ్వాను. అతను నవ్వలేదు.

"నిజంగా అన్నా. పండిపోయిన వరి మాదిరి ఉండాదే."

సాయంత్రపు ఎండలో ఏదైనా అలాగే కనబడుతుందని చెప్పాను. అవునన్నా, ఎండే అయ్యుంటుంది అన్నాడు. అతను నా మాట కాదన్న రోజు ఎప్పుడూ లేదు. అదే అతనితో వచ్చిన చిక్కు.

అక్టోబరు 6

చెప్పులు విప్పి లాన్ మీద నడిచాను. కాలికి గరగరమంది. కంటికి పచ్చగానే ఉంది. రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోంది.

కాలు అని రాసుకుంటున్నాను.

అక్టోబరు 7

ఏమీ లేదు.

అక్టోబరు 9, ఆదివారం

ఆదిశేషమ్మను ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకుపోయాను. కాలనీలో ఇన్నేళ్లుండి ఆమె ఆ గేటు దాటడం ఇవాళే. ఆడవాళ్లు మొగుళ్లతో కలిసి రావాలి, ఆమె మొగుడు ఎప్పుడూ లైను మీదే ఉండేవాడు. లోపలికి రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు ఆపుకుంటోంది.

"అమ్మోనియా పెట్టి మాడ్చినావా? మా నాయన ఒకేడు నారుమడికి ఇట్టనే చేసినాడు. మా అవ్వ ఆయనకు రెండ్రోజులు కూడు పెట్టలా."

"చచ్చిపోయిందా?" అని అడిగాను.

ఆమె కూర్చుని ఒక గడ్డి దుబ్బు పీకి వేరు చూసింది. గిల్లి వాసన చూసింది.

"గరిక గదయ్యా, చంపినా చావదు. వేరు బతికే ఉండాది. రోజూ నీళ్లు కట్టి ఆ ఉప్పంతా అడుక్కి దించాల. చిగురు పొడిచేదాకా ఎరువు జోలికి పోబాక. బిడ్డకు అజీర్తి చేస్తే ఇంకో ముద్ద పెడతామా ఏంది?"

లాన్ ఏ రంగులో ఉందని అడగాలనుకుని అడగలేదు. ఎండ కళ్లల్లో పడుతోంది.

అక్టోబరు 12

రోజూ నీళ్లు. సంజీవరావు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఇసుక సంగతి తప్ప. ఆయన నిట్టూర్చి, "క్రిస్మస్‌కి ఇంకా టైముంది లెండి" అన్నారు. మనిషి మంచివాడు. లేకపోతే ఇంకో మాలి దొరకలేదేమో.

అక్టోబరు 15

గార్డు పద్మనాభయ్య సాయంత్రం ఇంటికొచ్చాడు. నేను నడిపిన బళ్లకు ఇరవై ఏళ్లు వెనక పెట్టెలో జెండా ఊపినవాడు. గొంతు తగ్గించి, ఆదిశేషమ్మ వంటింట్లో ఉందో లేదో చూసుకుని, సంగతి చెప్పాడు.

"ఆ చుక్కల పుస్తకం ఎక్కడైనా ఒకటేనంట హజరత్తయ్యా. గుంతకల్లులో నా తమ్ముడు ఒకడు దాన్ని మొత్తం బట్టీపట్టినాడు. ఏ పేజీకి ఏ అంకో వరసగా చెప్తాడు. నేను నేర్చుకొనొచ్చినా. నువ్వు నేర్చుకో. డిసెంబరులో మళ్లీ ఇంజనెక్కుతావు. నువ్వు లేకుండా నాకు బండి ఎనకాల కూచోబుద్ధి కాలేదబ్బా."

తప్పు కదా అన్నాను.

"ఏం తప్పు? నీకు కనపడుతుంది. ఆ పుస్తకానికే నువ్వు కనపడలా."

ఆ మాట నాకు నచ్చింది.

అక్టోబరు 19

పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది, యాభై ఏడు. స్నానం చేస్తూ చదువుతున్నాను, మొక్కలకు నీళ్లు పెడుతూ చదువుతున్నాను. ఆదిశేషమ్మ ఏదో స్తోత్రం అనుకుని పొద్దున నా పక్కనే చేతులు జోడించి నిలబడింది. నాకు సిగ్గేసి మధ్యలో ఒక అంకె మరిచిపోయాను.

అక్టోబరు 23

లాన్‌లో చిగురు పొడిచింది! ఆదిశేషమ్మ నా చెయ్యి పట్టుకుని నేల మీద పెట్టి చూపించింది. మెత్తగా, సూదుల్లా తగిలాయి. ఆమె ఇప్పుడు రోజూ వస్తోంది. ఇంట్లో తొట్టిలో నూనె తీసిన చెనిక్కాయ చెక్క నానబెట్టి, నాలుగు రోజులు పులిసాక పలచగా నీళ్లు కలిపి, తేట మాత్రం మోసుకొస్తుంది. చామంతులకు వారానికొకసారి అదే. "మొగ్గ కట్టేదాకానే, రంగు కనపడినాక ఆపెయ్యాల" అంది. రంగు కనబడ్డాక నాకు చెప్పమన్నాను.

చుట్టలు ఈ వారం ఒక్కటి కూడా కాల్చలేదు. ఒక్కటి కాల్చాను.

అక్టోబరు 25

జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చే పేరమ్మ రోజా మొక్కలను చూసి ముక్కు విరిచింది.

"ఏంది సామీ, రోజాలు పుల్లల మాదిరుండాయి? మా సముద్రం ఒడ్డున వుత్త ఇసకలో టెంకాయ చెట్లు ఏం తిని గెలలేస్తుండాయి అనుకుంటివి? తలకాయలు, తోకలు, అమ్ముడుబోని ఎండు చేప. ఓ గంపెడు తెస్తా. మొదలు పక్కన తవ్వి పూడ్చు. కార్తీకం వానలకు మాగి, చలి దిగే సరికి చూడు నీ రోజాల్ని."

"లోతుగా పూడ్చాలా?" అని ఆదిశేషమ్మ అడిగింది.

"మోచెయ్యంత తవ్వాలమ్మా. పైపైన పెడితే పిల్లులు పెళ్లి చేసుకుంటాయి."

అక్టోబరు 28

చేపలు వచ్చాయి. రోజాలన్నిటికీ పెట్టాను. ఇక్కడి నేల గట్టిది. మోచెయ్యి అంత లోతు అనేది సముద్రపు ఇసుకకు సరే. జానెడు చాలు.

అక్టోబరు 29, శనివారం

జానెడు చాలలేదు.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌లో తంబోలా. వరండా నిండా జనం. సంజీవరావు గారు అంకెలు పిలుస్తున్నారు. "యాభై ఏడు" అన్నారు. నా నోరు ఊరుకోక "అయిదు" అంది, పుస్తకంలో దాని తర్వాతది అదే కాబట్టి. పక్కావిడ నిజమనుకుని తన చీటీలో అయిదు కొట్టేసుకుంది. దాని మీద గొడవ మొదలయ్యేలోపే తోటలోంచి పెద్ద గొడవ వచ్చింది.

బిట్రగుంటలో ఇన్ని పిల్లులున్నాయని నాకు తెలియదు. షెడ్డు పిల్లులు, బంగళా పిల్లులు, స్టేషను పిల్లులు. వాటి వెనక కుక్కలు. ఒక్కో రోజా కింద ఒక్కో యుద్ధం. ఒక కుక్క చేప తలకాయ నోట కరుచుకుని వరండా ఎక్కి, దాన్ని తెచ్చి సరిగ్గా మా షెడ్డు పెద్ద లోకో ఫోర్‌మన్ గారి భార్య చెప్పుల దగ్గర పెట్టింది. ఇంతలో గాలి ఇటు తిరిగింది. రుమాళ్లు లేచాయి. తంబోలా ఆగిపోయింది.

సంజీవరావు గారు నా వైపు తిరిగి, "డ్రైవరు గారూ" అన్నారు. మళ్లీ "డ్రైవరు గారూ" అన్నారు. అంతే.

అప్పుడు ఆదిశేషమ్మ పారతో వచ్చింది. ఆడవాళ్ల వైపు తిరిగి, "ఊరికే చూస్తారేందమ్మా, తలా ఓ పక్క పట్టండి" అంది. ముందు ఎవరూ కదలలేదు. తర్వాత ఫోర్‌మన్ గారి భార్యే చెప్పులు విడిచి దిగింది. ఆమెది అమలాపురం దగ్గర తోటల ఊరట. కొబ్బరికి చేపల ఎరువు ఆమెకు కొత్త కాదు. ఒకరు దిగాక అందరూ దిగారు. పెట్రోమాక్స్ లైటు వెలుతురులో తంబోలాకు వచ్చిన ఆడవాళ్లంతా పట్టుచీరలు ఎత్తి కట్టి, రోజాల కింద మోచెయ్యి లోతు తవ్వి, చేపలు పూడ్చి, పైన బొగ్గు మసి చల్లారు. అంత నవ్వు ఇన్‌స్టిట్యూట్‌లో నేను ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ అక్కడ లేను కూడా.

దారిలో ఆమె చెయ్యి చేపల కంపు కొడుతోంది. నాదీ అంతే. ఒకరి కంపు ఒకరికి తెలియలేదు.

అక్టోబరు 30

ఇవాళ ముగ్గురు ఆడవాళ్లు మా ఇంటికి వచ్చి చెక్క నీళ్లు ఎలా పులియబెట్టాలో ఆదిశేషమ్మను అడిగారు. నేను వంటింట్లో కూర్చుని విన్నాను.

నవంబరు 6

వాన.

నవంబరు 7

వాన.

నవంబరు 8

వాన. చెరువులన్నీ నిండాయట. తోటలో పని లేదు. ఆదిశేషమ్మా నేనూ కిటికీ దగ్గర కూర్చుని, ఎరువు కొట్టుకుపోతోందని ఒకరం, లోపలికి దిగుతోందని ఒకరం వాదించుకున్నాం. ఆమె గెలిచింది. పద్మనాభయ్య గొడుగేసుకుని వచ్చి అంకెలు ఒప్పజెప్పించుకున్నాడు. ఒక్కటీ తప్పలేదు.

నవంబరు 11

వాన తెరిపిచ్చింది. జీవానందం వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. మొన్న నడివానలో గూడ్సు బండి తెస్తూ జరిగింది చెప్పాడు.

"గాజు మీద జల్లు, ముందర ఏం కనపడలా అన్నా. స్టేషను ముందరి హోమ్ సిగ్నలు ఆకుపచ్చే ఉంటాదని నా లెక్క, రోజూ అంతే గదా. తల బయట పెట్టి చూసినా. చెనగ్గింజంత ఎర్ర దీపం. ఉన్నట్టా లేనట్టా. బ్రేకేసినా. బండి ఆగినాక దిగి చూస్తే, ముందర గట్టు కోసుకుపోయి గ్యాంగు మనుషులు పట్టాల మీదే వంగి పని చేస్తా ఉండారు. వానలో వాళ్లకు బండి చప్పుడే వినపడలా. ఒక ముసిలాయన లేచి నాకు దణ్ణం పెట్టినాడన్నా. నాకెందుకు దణ్ణం? దీపానికి పెట్టాల."

ఆదిశేషమ్మ అతని పళ్లెంలో ఇంకో రెండు వడలు వేసింది.

నేనయినా చూసేవాణ్ణి. ఇరవై ఏళ్ల అనుభవం.

నవంబరు 12

చూసేవాణ్ణి.

నవంబరు 20

లాన్ దట్టంగా అల్లుకుంది. అరికాలికి పరుపులా ఉంది. ఆదిశేషమ్మ చెప్పిన ప్రకారం చివికిన పేడ ఎరువు జల్లించి, ఇసుకతో కలిపి పలచగా చల్లాం. ఈసారి వంతు తప్పలేదు, ఇసుక ఆమే కొలిచింది. చామంతులు మొగ్గ తొడిగాయట.

చుట్ట మానేశాను. ఇది నిజం. మూడు వారాలయింది. రాయాలని కూడా తోచలేదు.

నవంబరు 27

రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున ఆదిశేషమ్మ తలస్నానం చేసి తోటకు వచ్చింది. వరండా పక్కన పెద్ద రోజా ఉంది కదా, అన్నిటికంటే ఎక్కువ చేపలు తిన్నది, దాని దగ్గర నిలబడి, "ఒక పువ్వు కోసియ్యి" అంది. ఇన్నేళ్లలో నన్ను పువ్వు అడగడం ఇదే మొదలు. నేను మొక్క చుట్టూ తిరిగాను. ఆకులు దండిగా ఉన్నాయి.

"ఇది ఇంకా పుయ్యలా. ఇంకో వారం పట్టేటట్టుంది" అన్నాను.

ఆమె నవ్వింది. "పరాచికాలా? చెట్టంతా పూలే గదయ్యా."

నేను మళ్లీ చూశాను. ఆకులు. అన్నీ ఒకటే రంగు ఆకులు. ఆమె నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

"ఎర్ర రోజా" అంది మెల్లగా. "ఈ చెట్టు ఎర్ర రోజా."

ఆమె నా చెయ్యి పట్టుకుని ఒక చోట పెట్టింది. పువ్వు. వానకు తడిసి చల్లగా ఉంది. ఇంకో చోట పెట్టింది. పువ్వు. ఇంకో చోట. అలా చెట్టంతా తిప్పింది. మామూలు రోజాలు కావు, గుప్పెడేసి ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో. నా కళ్లెదురుగా అన్ని ఎర్రటి పూలు ఉంటే నేను పుయ్యలేదని చెప్పాను.

ఒకటి తడిమి తడిమి కోసి ఇచ్చాను. ముల్లు గుచ్చుకుంది. ఆమె పువ్వు తలలో పెట్టుకుని, "బాగుందా?" అని అడిగింది. బాగుంది అన్నాను. అది అబద్ధం కాదు. వాసన నాకు తెలుస్తూనే ఉంది.

నవంబరు 28

జీవానందం చెప్పిన ఆ ముసలాయన గుర్తొస్తున్నాడు.

డిసెంబరు 5

పద్మనాభయ్య అంకెలు ఒప్పజెప్పమన్నాడు. ఒప్పజెప్పాను. "నువ్వు ఇంజనెక్కినట్టే" అని భుజం తట్టాడు. రోజూ సాయంత్రం వానలో వచ్చి నేర్పించాడు. అతనితో ఏం చెప్పాలో తెలియక టీ ఇచ్చాను.

ఆదిశేషమ్మ ఏమీ అడగడం లేదు. అంకెలు స్తోత్రం కాదని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసనుకుంటాను.

డిసెంబరు 12, మద్రాసు

పరీక్ష అయింది. ఆసుపత్రి చెట్టు కింద కూర్చుని రాస్తున్నాను.

డాక్టరు తెల్లజుట్టు పెద్దమనిషి. తెలుగు బాగా మాట్లాడతాడు. పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ అందరికీ కనబడేదే. పన్నెండు అన్నాను. రెండో పేజీ తిప్పాడు. చుక్కలు. నోట్లో ఎనిమిది సిద్ధంగా ఉంది. నాలుక కదిలిస్తే చాలు. ఒక్కో అంకె పలికితే ఒక్కో స్టేషను దాటినట్టే, ఆఖరున నా ఇంజను.

నాకు రోజా చెట్టు కనబడింది. పూలు లేని రోజా చెట్టు. దాని వెనక వానలో వంగి పని చేసుకుంటున్న మనుషులు.

"ఏమీ కనిపించడం లేదండీ" అన్నాను.

మూడో పేజీ. కనిపించడం లేదు. నాలుగు. కనిపించడం లేదు. ఆయన తలెత్తి, "తొందర లేదు, మెల్లగా చూడండి" అన్నాడు.

"చూశానండీ. బాగా చూశాను. తోటలో ఎర్ర రోజాలు చెట్టు నిండా పూస్తే నాకు కనబడలేదు. మీ పుస్తకం కరెక్టే."

ఆయన పుస్తకం మూసేశాడు. "చాలామంది ఈ గదిలోకి బట్టీపట్టి వస్తారు. తెలుసా?" అన్నాడు.

"వస్తారండీ" అన్నాను.

ఆయన నవ్వాడు. చుట్ట మానేశాను కాబట్టి ఇంతకంటే చెడదని, ఇంకో ఏడాదికి కొంచెం మెరుగు పడవచ్చని, కానీ ఇంజను మాత్రం ఇక వద్దని చెప్పాడు. ఉద్యోగం పోదు, వేరే పని ఇస్తారట. "ఇప్పుడేం పని చూస్తున్నారు?" అని అడిగాడు. తోట పని అన్నాను. వెంటనే కుర్చీ ముందుకు జరుపుకుని, తన ఇంటి దగ్గర లాన్ పసుపుపచ్చగా మాడిపోయిందని, ఎందుకో చెప్పగలనా అని అడిగాడు.

"అమ్మోనియా వేసి, ఆ రోజే నీళ్లు పెట్టలేదు కదా?" అన్నాను.

ఆయన మొహం చూడాలి.

డిసెంబరు 13

ఇంటికి వచ్చాను. ఆదిశేషమ్మ గుమ్మంలోనే ఉంది. ఏమైందని అడగలేదు.

"ఇంక ఎక్కను" అని చెప్పాను. "అంకెలు చెప్పుంటే ఎక్కేవాణ్ణి. చెప్పలా."

ఆమె గుమ్మం మీదే కూర్చుండిపోయింది. ఏడ్చింది. నా ఇంజను పోయిందని ఏడుస్తోందనుకుని ఓదార్చబోయాను.

"అది కాదయ్యా. ఇరవై రెండేళ్లు ఏ కూత వినపడినా నీ బండేనా అని పంచలోకొచ్చి నిలబడేదాన్ని. గాలొచ్చినా, వానొచ్చినా. నీతో చెప్తే నవ్వుతావని చెప్పలా. రేపట్నుంచి వానొస్తే ఎరువు కొట్టుకుపోతాదనే గదా నా భయం. ఆ మాత్రం భయమైతే పడతా."

నేనూ గుమ్మం మీద ఆమె పక్కనే కూర్చున్నాను. తర్వాత ఇద్దరికీ ఆకలేసి, మిగిలిన పచ్చడితో అన్నం తిన్నాం.

సాయంత్రం పద్మనాభయ్యకు చెప్పాను. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "నా చేతి చమురు వదిలించుకోని గుంతకల్లుకు పోయి నేర్చుకొనొచ్చినానే!" అన్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం, "నేనయితే చెప్పేసేవాణ్ణబ్బా. నువ్వు గట్టోడివి" అన్నాడు.

డిసెంబరు 24

క్రిస్మస్ బ్యాండు. లాన్ మీద కుర్చీలు. విజయవాడ నుంచి వచ్చిన పెద్దాయన బూటుతో గడ్డిని నొక్కి చూసి, "ఏ ఎరువు?" అని సంజీవరావు గారిని ఇంగ్లీషులో అడిగాడు. సంజీవరావు గారు చేప అనే మాట నోటికి రాక నా వైపు చూశారు. నేను ఫోర్‌మన్ గారి భార్య వైపు చూశాను. ఆమె ఆదిశేషమ్మ వైపు చూసింది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. పెద్దాయనకు ఏమీ అర్థం కాలేదు, అయినా నవ్వాడు.

కాలనీ తోటలన్నీ ఇక నా చేతి కింద. కాగితం వచ్చే వారం వస్తుందట.

ఒకటి మాత్రం రాయాలి. బ్యాండు మధ్యలో మెయిలు దాటింది. నేల అదిరింది. అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం ఆ ఒక్క నిమిషం గడిచేదాకా చామంతుల కుండీలు సర్దాను.

1961 జనవరి 17

కావలి స్టేషను మాస్టరు తన స్టేషను తోట చూసి పెట్టమని అడిగాడు. చలికాలం సగం పోయింది, ఇప్పుడు ఎరువు వేయాలా వద్దా అని ఆయన సందేహం. పొద్దున ప్యాసింజరులో బయల్దేరాం. ఆదిశేషమ్మ కూడా వచ్చింది, మట్టి తను చూడాలట. డ్రైవరు పెళ్లాం అయ్యుండీ నాతో కలిసి రైలెక్కడం ఆమెకు అరుదే. కిటికీ పక్కన కూర్చోమంటే, నువ్వే కూర్చో అంది. ఒకరినొకరం తోసుకుని కడకు ఆమే కూర్చుంది.

దారి పొడుగునా వాదన. వేపపిండి ఇప్పుడే వేయవచ్చని నేను, చలి తగ్గి చిగురు కదిలాక వేయాలని ఆమె. ఎదురు సీట్లో పెద్దాయన ఒకడు మా మాటలు విని, తన నిమ్మ చెట్టుకు ఏం వేయాలని అడిగాడు. ఇద్దరం ఒకేసారి చెప్పాం, రెండు రకాలుగా. ఆయన బిత్తరపోయాడు. ఆమె అంత గట్టిగా నవ్వడం పెట్టెలో అందరూ చూశారు.

కావలిలో దిగి, చెక్క మూట దించుకుని, రైలు కదిలి వెళ్లిపోయాక, ప్లాట్‌ఫారం మీద నడుస్తూ ఉండగా తట్టింది. ఇంజను మీద ఎవరున్నారో నేను చూడనే లేదు.